సోమాలీలు, ఒరోమోలు: భాషల చుట్టరికం తేలింది, వంశం సంగతి ఏమిటి?

2017లో ఇథియోపియాలోని ఒరోమియా, సోమాలీ రాష్ట్రాల సరిహద్దు పొడవునా చెలరేగిన ఘర్షణల్లో సుమారు పది లక్షల మంది ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. ఆ ప్రాంతంలో గొడవ జరిగిన ప్రతిసారీ వినిపించే రెండు వాదాలు అప్పుడూ వినిపించాయి. ఈ రెండు జాతులూ ఒకే మూలం నుంచి వచ్చిన అన్నదమ్ములని ఒక వాదం. ఒకరు ఈ నేలకు చెందినవారు, మరొకరు తర్వాత వచ్చి ఆక్రమించినవారు, వారి మధ్య ఏ చుట్టరికమూ లేదని రెండవ వాదం. ఇరుపక్షాల చేతిలోనూ సాక్ష్యాలున్నాయి. ఒకరు భాషను, మరొకరు పితృపరంపరగా కంఠస్థం చేసిన వంశావళిని, ఇంకొకరు డీఎన్ఏ పరీక్షలను చూపిస్తారు. అయితే ఈ మూడూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. భాష ఎక్కడి నుంచి వచ్చింది, రక్తం ఎక్కడి నుంచి వచ్చింది, తాము ఎవరి సంతతి అని ఒక సమాజం చెప్పుకుంటోంది అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి దొరికిన జవాబును మరొకదానికి అతికించడం వల్లనే ఈ విషయం ఇంతగా చిక్కుపడింది.

ఎక్కడి వారు, ఎంతమంది

ఒరోమోలు ఇథియోపియాలో అతి పెద్ద జాతి. 2007 జనగణన ప్రకారం ఆ దేశంలో వారు సుమారు 2.54 కోట్ల మంది, అంటే జనాభాలో 34.5 శాతం. దక్షిణాన వారిలోని బొరానా, గబ్రా, ఒర్మా తెగలు కెన్యా లోపలి వరకు విస్తరించి ఉన్నాయి. వారిలో ముస్లింలు, క్రైస్తవులు, వాక అనే దైవాన్ని కొలిచే సంప్రదాయ మతస్థులు ఉన్నారు.

సోమాలీలు సోమాలియాతో పాటు జిబూటీలోనూ, ఇథియోపియా తూర్పు భాగంలోనూ, కెన్యా ఈశాన్యంలోనూ నివసిస్తారు. అదే 2007 జనగణనలో ఇథియోపియాలోని సోమాలీలు సుమారు 46 లక్షల మంది. వారు దాదాపు అందరూ సున్నీ ముస్లింలు. రెండు జాతులకూ పశుపోషణ ప్రధాన జీవనంగా ఉండేది. ఎండు ప్రాంతపు సోమాలీలకు ఒంటె, బొరానా వంటి ఒరోమో తెగలకు ఆవు సంపదకు కొలమానం. ఒరోమోలలో చాలామంది కొన్ని శతాబ్దాలుగా ఎత్తు ప్రాంతాల్లో వ్యవసాయదారులుగా స్థిరపడ్డారు.

రెండు భాషలూ ఏ కుటుంబానికి చెందినవి

అరబిక్, హీబ్రూ, ప్రాచీన ఈజిప్షియన్, ఉత్తరాఫ్రికాలోని బెర్బర్, నైజీరియాలోని హౌసా ఇవన్నీ ఆఫ్రో-ఏషియాటిక్ అనే మహాకుటుంబానికి చెందిన భాషలు. అందులో కుషిటిక్ అనేది ఒక శాఖ. దాని తూర్పు ఉపశాఖలో సోమాలీ, ఒరోమో, అఫార్, సిదామా, కొన్సో, రెండిలె వంటివి ఉన్నాయి. సోమాలీ, ఒరోమో, అఫార్ భాషలను మరింత దగ్గరగా చేర్చి పల్లపు తూర్పు కుషిటిక్ అని పిలవడం ఆనవాయితీ. ఆ గుంపు నిజంగా ఒకే కొమ్మా, లేక పక్కపక్కన పెరిగిన వేర్వేరు కొమ్మలా అన్న విషయంలో భాషావేత్తల మధ్య అభిప్రాయభేదం ఉంది. తూర్పు కుషిటిక్ అన్న స్థాయిలో మాత్రం ఈ రెండు భాషల బంధుత్వం గురించి తగవు లేదు.

ఈ రెండూ అన్నింటికంటే దగ్గరి తోబుట్టువులు కావన్న సంగతి చాలామంది మరచిపోతారు. సోమాలీకి అతి దగ్గరి భాషలు ఉత్తర కెన్యాలోని రెండిలె, కెన్యా-సోమాలియా తీరాటవుల్లో వినిపించే బోని, ఇథియోపియాలో అబాయా సరస్సులోని గిదిచో దీవిలో మాట్లాడే బైసో. ఒరోమోకు అతి దగ్గరిది దక్షిణ ఇథియోపియా కొండల్లోని కొన్సో. లిపి సాన్నిహిత్యాన్ని బట్టి కన్నడమే మనకు అతి దగ్గరిదని తెలుగువారు అనుకుంటారు గాని, భాషాశాస్త్రం తెలుగును గోండీ, కువి భాషల సరసన మధ్య-దక్షిణ ద్రావిడ శాఖలో ఉంచుతుంది. సోమాలీ, ఒరోమోల విషయమూ అలాంటిదే. పెద్ద భాషలు రెండూ పక్కపక్కన కనిపిస్తాయి, అసలు తోబుట్టువులు కొద్దిమంది మాట్లాడే చిన్న భాషల్లో దాగి ఉంటాయి. సోమాలీలు మాట్లాడితే ఒరోమోలకు దానంతట అది అర్థం కాదు. రెండు భాషలూ వచ్చినవారు సరిహద్దుల్లో ఎక్కువగా ఉండటం వల్ల అలా అనిపిస్తుందంతే.

అంకెలు వరుసగా పెట్టి చూస్తే

బంధుత్వాన్ని చెవితో పట్టుకోవడానికి అంకెలు అనువైనవి. ముందు సోమాలీ రూపం, తర్వాత ఒరోమో రూపం ఇస్తున్నాను.

ఒకటి: కవ్, తొక్కొ
రెండు: లబ, లమ
మూడు: సద్దెహ్, సదీ
నాలుగు: అఫర్, అఫుర్
ఐదు: షన్, షన్
ఆరు: లిహ్, జహ
ఏడు: తొద్దొబ, తొర్బ
ఎనిమిది: సిద్దేద్, సద్దేత్
తొమ్మిది: సగాల్, సగల్
పది: తొబన్, కుడన్

పదింటిలో ఏడు జతలు పైపైన చూసినా కలుస్తున్నాయి. ఒకటి, ఆరు, పది కలవడం లేదు. ఇందులో షన్ అన్నది రెండింటిలోనూ అచ్చంగా ఒకటే కావడం చూసి చాలామంది దానినే గొప్ప సాక్ష్యంగా చూపుతారు. నిజానికి అచ్చంగా కలిసే మాట అంత బలమైన సాక్ష్యం కాదు, ఎందుకంటే కాకతాళీయంగా కలిసే మాటలు ప్రపంచంలోని ఏ రెండు భాషలలోనైనా దొరుకుతాయి. లబ, లమ వంటి తేడా ఉన్న జతే ఎక్కువ విషయం చెబుతుంది. సోమాలీకి స్వంత తోబుట్టువైన రెండిలెలో కూడా రెండుకు లమ అనే ఉంది. కాబట్టి మ-కారం ఉన్న రూపమే పాతదనీ, బ-కారం సోమాలీలో తర్వాత వచ్చిందనీ తేలుతుంది. తేడాకు కారణం చెప్పగలిగినప్పుడే పోలికకు విలువ.

సోమాలీ లోపలే దొరికే మరొక ఆధారం ఇంకా ముచ్చటైనది. సోమాలీలో మనిషి, మగవాడు అనడానికి నిన్ అంటారు. వెయ్యికి కున్ అంటారు. బహువచనంలో ఇవి నిమన్, కుమన్ అవుతాయి. అంటే మూలంలో ఉన్న మ-కారం మాట చివర న-కారంగా మారిందనీ, వెనుక అచ్చు వచ్చి చేరినప్పుడు బయటపడుతున్నదనీ అర్థం. ఇప్పుడు ఒరోమో వైపు చూస్తే మనిషికి నమ, వెయ్యికి కుమ. సోమాలీ ఏకవచనంలో కనిపించని హల్లు ఒరోమోలో చెక్కుచెదరకుండా ఉంది. కేవలం నిన్, నమ అన్న మాటలను పక్కపక్కన పెడితే నమ్మకం కలగదు, నడుమ నిమన్ వచ్చి నిలబడితే సందేహం తొలగుతుంది.

పోయిన ధ్వనులు వదిలిన జాడలు

సోమాలీలో గొంతును లోపల బిగించి పలికే రెండు ధ్వనులున్నాయి. ముహమ్మద్ అన్న పేరును అరబ్బులు పలికేటప్పుడు మధ్యలో వినిపించే గట్టి హ-కారం మొదటిది. అలీ అన్న పేరు ఆరంభంలో వారి గొంతులో వినిపించేది రెండవది. మొదటిదానిని ఇక్కడ హ్ అనీ, రెండవదానిని ముందు ’ గుర్తు పెట్టీ రాస్తున్నాను. ఈ రెండు ధ్వనులూ తూర్పు కుషిటిక్ భాషల ఉమ్మడి పూర్వరూపంలో ఉండేవని హాన్స్-యుర్గెన్ ససె 1979లో చేసిన పునర్నిర్మాణం చూపింది. ఒరోమో వాటిని పోగొట్టుకుంది.

పోగొట్టుకున్న తీరు యాదృచ్ఛికంగా లేదు. సోమాలీలో మూడు సద్దెహ్, ఒరోమోలో సదీ. సోమాలీలో రాయి డగహ్, ఒరోమోలో డగా. రెండుచోట్లా చివరి హ్ పోయి, దానికి ముందున్న అచ్చు దీర్ఘమైంది. సోమాలీలో బావి ’ఏల్, ఒరోమోలో ఏల. సోమాలీలో తెలుపు ’అద్, ఒరోమోలో అదీ. ఇక్కడ మాట మొదట్లోని ధ్వని రాలిపోయింది. ఒకే మార్పు, ఒకే చోట, సంబంధం లేని అర్థాలున్న మాటల్లో పదేపదే కనిపించడాన్నే భాషావేత్తలు నియతమైన ధ్వని సంవాదం అంటారు. నెత్తురు (డీగ్, డీగ), ఎముక (లఫ్, లఫే), వాన (రోబ్, రోబ), దుమ్ములగొండి (వరాబె, వరాబెస్స) వంటి ఇతర జతలు ఈ పునాది మీద నిలబడతాయి. నోరు, భాష రెండింటికీ ఒకే మాట వాడటం కూడా ఇద్దరికీ ఉంది: సోమాలీలో అఫ్, ఒరోమోలో అఫాన్.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని నిజాయితీగా ఎదుర్కోవాలి. ఒరోమోలో ఆ గొంతు ధ్వనులు లేవు కాబట్టి, సోమాలీ నుంచి మాటలు అరువు తెచ్చుకున్నా అవి ఇలాగే అరిగిపోయేవి కదా? అవును, అరబిక్ నుంచి వచ్చిన మాటలు ఒరోమోలో అలాగే మారాయి. ఒంటెకు సోమాలీలో గేల్, ఒరోమోలో గాల అనడం కూడా ఉమ్మడి వారసత్వమా, అరబిక్, హీబ్రూ వంటి సెమిటిక్ భాషల నుంచి వచ్చిన అరువా అన్న చర్చ ఉంది. అందువల్ల పదజాలం ఒక్కటే చాలదు. అరువుగా రావడం చాలా అరుదైన చోట, అంటే వ్యాకరణపు ప్రత్యయాల్లో వెదకాలి.

వ్యాకరణం ఏది రుజువు చేస్తుంది, ఏది చేయదు

సోమాలీలో ‘ఇది’ అనడానికి పుంలింగంలో కన్, స్త్రీలింగంలో తన్. ఒరోమోలో కర్మగా వచ్చినప్పుడు పుంలింగంలో కన, స్త్రీలింగంలో తన. సోమాలీలో ఇదే క-త జంట నామాల చివర కూడా చేరుతుంది: నిన్‌క అంటే ఆ మనిషి, నాగ్‌త అంటే ఆ స్త్రీ. స్త్రీలింగానికి త-కారం అరబిక్, హీబ్రూ, ప్రాచీన ఈజిప్షియన్‌లలోనూ ఉంది. దానికి ఎదురుగా పుంలింగానికి క-కారాన్ని నిలబెట్టే పద్ధతి తూర్పు కుషిటిక్ భాషల్లో విస్తారంగా కనిపిస్తుంది. ఇలాంటి జంటను ఎవరూ సంతలో విని తెచ్చుకోరు, అది తల్లి నోటి నుంచే వస్తుంది.

క్రియల్లో ఇంకో పోలిక ఉంది. సోమాలీలో ‘తెచ్చు’ అనే క్రియ భూతకాలంలో నేను, అతడు అన్నప్పుడు కేనయ్, నువ్వు, ఆమె అన్నప్పుడు కేన్‌తయ్, మేము అన్నప్పుడు కేన్నయ్ అవుతుంది. ఒరోమోలో ‘వెళ్లు’ అనే క్రియ అదే వరుసలో దేమె, దేమ్‌తె, దేమ్‌నె అవుతుంది. నేనూ అతడూ ఒక రూపం, నువ్వూ ఆమే మరో రూపం, మేము అన్నప్పుడు న-కారం. పోలిక కళ్లకు కట్టినట్టు ఉంది. అయినా సోమాలీ, ఒరోమోల మధ్య ప్రత్యేకమైన దగ్గరితనానికి దీన్ని రుజువుగా చూపడం పొరపాటు. అరబిక్‌లోనూ నువ్వు రాస్తావు, ఆమె రాస్తుంది రెండూ తక్తుబు అనే ఒకే రూపంలో ఉంటాయి. ఇది మొత్తం ఆఫ్రో-ఏషియాటిక్ మహాకుటుంబపు పాత ఆస్తి. తాతల నాటి ఆస్తి ఇద్దరి దగ్గరా ఉన్నంత మాత్రాన వారు సొంత తోబుట్టువులని తేలదు.

దీని వెంటే మరో అపోహ ఉంది, దానిని కాస్త వివరంగా చెప్పాలి. సోమాలీలో ‘వచ్చు’ వంటి కొన్ని పాత క్రియలకు మార్పులు ముందు వైపు చేరతాయి: ఇమి (వచ్చాను), తిమి (వచ్చావు, ఆమె వచ్చింది), యిమి (అతడు వచ్చాడు), నిమి (వచ్చాము). అరబిక్‌లో అక్తుబు, తక్తుబు, యక్తుబు, నక్తుబు అన్న వరుస దీనికి అద్దం పట్టినట్టు సరిపోతుంది. ఒరోమోలో ఈ పద్ధతి పూర్తిగా పోయింది. ఇది చూసి సోమాలీలు అరబ్బు సంతతి అనడానికీ, ఒరోమోలు కారనడానికీ భాషే సాక్ష్యమని కొందరు వాదిస్తారు. వాస్తవం వేరు. ఇది ఇస్లాం కంటే, అరబిక్ తన నేటి రూపం దాల్చిన కాలం కంటే ఎంతో పాతది. మహాకుటుంబం విడిపోక ముందటి పద్ధతిని సోమాలీ నాలుగైదు క్రియల్లో దాచుకుంది, ఒరోమో వదిలేసింది. సోమాలీలో అరబిక్ నుంచి అరువు వచ్చిన మాటలు వందలుగా ఉన్నాయి, ఈ క్రియారూపాలు మాత్రం అరువు కావు.

తేడాలు కూడా చిన్నవి కావు. వాక్యంలో ఏ మాట మీద ఊనిక ఉందో చెప్పడానికి సోమాలీ బా, అయా, వా వంటి అవ్యయాలను తప్పనిసరిగా వాడుతుంది. ‘తో’, ‘లో’, ‘కోసం’ వంటి సంబంధాలను క్రియకు ముందు చేర్చే చిన్న మాటలతో తెలుపుతుంది. ఒరోమో వాటిని తెలుగులాగే నామం వెనుక చేర్చే ప్రత్యయాలతో చెబుతుంది. ఇన్ని తేడాలు పేరుకోవడానికి చాలా కాలం పట్టి ఉండాలి.

ఎవరు ముందు, ఎవరు తర్వాత

ఇరవయ్యవ శతాబ్దపు మధ్యకాలం వరకు చలామణీలో ఉన్న కథ ఇది: ఆఫ్రికా ఈశాన్యాన కొమ్ములా పొడుచుకువచ్చిన హార్న్ ఆఫ్ ఆఫ్రికాలో మొదట ఒరోమోలు ఉండేవారు, ఎర్రసముద్రం వైపు ఉత్తర తీరం నుంచి సోమాలీలు దక్షిణానికి దిగుతూ వారిని తరిమేశారు. ఇటాలియన్ పండితుడు ఎన్రికో చెరుల్లి, బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఐ.ఎం. లూయిస్ రచనల వల్ల ఇది స్థిరపడింది. అరబ్బు మూలపురుషులు ఉత్తర తీరాన దిగారని చెప్పే సోమాలీ వంశగాథలు దీనికి ప్రధాన ఆధారం.

1966లో హెర్బర్ట్ లూయిస్ దీన్ని తలకిందులు చేశారు. ఒక భాషాగుంపులో వైవిధ్యం ఎక్కడ ఎక్కువగా ఉంటుందో, దాని పుట్టిల్లు అక్కడికి దగ్గరగా ఉంటుందన్నది ఆయన వాదానికి మూలం. కొత్తగా వెళ్లి పరచుకున్న చోట భాష ఏకరూపంగా ఉంటుంది, ఎంతోకాలంగా ఉన్నచోట చీలికలు పేలికలుగా ఉంటుంది. సోమాలియా ఉత్తరాన వేల చదరపు కిలోమీటర్ల మేర మాట్లాడే సోమాలీలో తేడాలు తక్కువ. దక్షిణాన జుబా, షబేలె నదుల మధ్య మాయ్, గర్రె వంటి రూపాలు ఉత్తరాది సోమాలీకి అర్థం కానంత వేరుగా ఉన్నాయి. ఇంకా దక్షిణ-పడమరలకు వెళితే రెండిలె, బైసో, అర్బోరె ఉన్నాయి. ఒరోమోకు దగ్గరి కొన్సో కూడా అదే మండలంలో ఉంది. కాబట్టి రెండు భాషల పూర్వరూపాలూ దక్షిణ ఇథియోపియా, ఉత్తర కెన్యా ప్రాంతంలోనే పుట్టి, అక్కడి నుంచి వేర్వేరు కాలాల్లో వేర్వేరు దిక్కులకు సాగాయని ఆయన అన్నారు.

లిఖిత ఆధారాలు కూడా దీనికి అనుకూలంగానే ఉన్నాయి. సోమాలీలలోని హవియె వర్గం మెర్కా పట్టణం పరిసరాల్లో ఉన్నట్టు పదమూడవ శతాబ్దపు అరబ్ భౌగోళికుడు ఇబ్న్ సయీద్ రాశాడు. 1331లో మొగదిషు వచ్చిన ఇబ్న్ బతూతా అక్కడి సుల్తాను అరబిక్ తెలిసినా స్థానిక భాష మాట్లాడతాడని గుర్తించాడు. ఒరోమోల మహావిస్తరణ పదహారవ శతాబ్దపు సంగతి. ఇమామ్ అహ్మద్ ఇబ్న్ ఇబ్రహీం 1529 నుంచి 1543లో మరణించే వరకు ఇథియోపియా రాజ్యంతో సాగించిన యుద్ధాలు ఆ ప్రాంతాన్ని నిస్సత్తువ చేశాక, ఒరోమో దళాలు వేగంగా ఉత్తరానికీ తూర్పుకూ వ్యాపించాయి. 1593లో బహ్రెయ్ అనే ఇథియోపియన్ సన్యాసి ఆ విస్తరణను, దాని వెనుక ఉన్న గదా అనే వయోవర్గ వ్యవస్థను వర్ణిస్తూ గ్రంథం రాశాడు. ఎనిమిదేళ్లకొకసారి అధికారం ఒక వర్గం నుంచి మరొక వర్గానికి మారే ఆ గదా పద్ధతిని 2016లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

సోమాలీలు ఒరోమోలను తరిమేశారన్న కథకు గాని, దాని తిరగేసిన రూపానికి గాని ఈ ఆధారాలు మద్దతు ఇవ్వవు. ఒక్కొక్క లోయలో ఒక్కొక్క కాలంలో ఒకరు వచ్చి ఒకరు పోవడం నిజమే గాని, మొత్తం భూభాగానికి ఒకే యజమాని ఎప్పుడూ లేడు.

బావుల పేర్లలో ఉన్న దేవుడు

కెన్యా, సోమాలియా సరిహద్దులో ఎల్ వాక్ అనే పట్టణం ఉంది. సోమాలీలో ’ఏల్ అంటే బావి, వాక్ అంటే దేవుడు. ఇస్లాం రాక ముందు సోమాలీలు ఆకాశదైవాన్ని వాక్ అని పిలిచేవారు. మధ్య సోమాలియాలోని ఆబుద్‌వాక్ పట్టణం పేరులోనూ ఆ దైవం ఉన్నాడు. ఒరోమోలు నేటికీ దేవుణ్ణి వాక అనే అంటారు, ముస్లింలూ క్రైస్తవులూ కూడా ఆ మాటను వాడతారు.

ఎల్ వాక్ బావుల చరిత్ర ఈ వ్యాసం మొత్తానికి ఒక చిన్న నమూనా. పేరులోని రెండు భాగాలూ రెండు భాషల ఉమ్మడి మాటలే. ఆ బావుల నీటి కోసం బొరానా ఒరోమోలూ, గర్రె సోమాలీలూ తరతరాలుగా పోటీపడ్డారు, ఒప్పందాలు చేసుకున్నారు. ఈ బావులను, కెన్యాలోని వజీర్ పట్టణపు బావులను తవ్వింది మాత్రం తామెవరూ కాదనీ, మదన్లె అనే పూర్వజనమనీ స్థానిక గాథలు చెబుతాయి.

వంశావళి కంఠస్థమైనా అది జన్మపత్రం కాదు

సోమాలీ పిల్లవాడికి తండ్రి, తాత, ముత్తాత అంటూ వరుసగా పూర్వపురుషుల పేర్లు నేర్పడాన్ని అబ్తిర్సి అంటారు. దారోద్, ఇసాక్ వర్గాల వరుసలు చివరికి అరేబియా నుంచి వచ్చిన షేకుల దగ్గర ఆగుతాయి. షేక్ ఇసాక్ సమాధి ఉత్తర తీరంలోని మైధ్‌లో నేటికీ దర్శనీయ స్థలం. ఈ పరంపరను అక్షరాలా నమ్మేవారికి ఒరోమోలతో రక్తబంధం అన్న మాట రుచించదు. చరిత్రకారుల్లో ఎక్కువమంది దాన్ని ఇస్లాం ప్రపంచంలో తమ స్థానాన్ని చెప్పుకునే పద్ధతిగా చూస్తారు. ఎర్రసముద్రం దాటి కొందరు వచ్చి కలిసి ఉండటం సహజమే గాని, ఒక్క మూలపురుషుడి నుంచి లక్షల మంది పుట్టి, వారంతా ఒక కుషిటిక్ భాషను నేర్చుకున్నారన్నది నిలబడదు.

ఇరు సమాజాల్లోనూ బయటివారిని లోపలికి తీసుకునే పద్ధతులున్నాయి. బలమైన సోమాలీ వర్గాన్ని ఆశ్రయించిన చిన్న గుంపు క్రమంగా ఆ వర్గపు వంశావళినే తనదిగా చెప్పుకోవడం షేగత్. ఒరోమోలు మొత్తం గుంపులను ప్రమాణపూర్వకంగా తమ తెగలో కలుపుకోవడం మొగ్గాస. పదహారవ శతాబ్దపు ఒరోమో విస్తరణలో పుట్టుకతో ఒరోమోలైన వారి కంటే మొగ్గాస వల్ల ఒరోమోలైన వారి పాత్ర కొన్ని ప్రాంతాల్లో పెద్దదే. మూడు నాలుగు తరాలు గడిస్తే వంశావళిలో అతుకు కనిపించదు.

ఉత్తర కెన్యాలోని గబ్రాలు దీనికి మంచి ఉదాహరణ. వారు ఒరోమో భాష మాట్లాడతారు, బొరానాలతో పొత్తులో ఉన్నారు. కాని ఆవుల కంటే ఒంటెలకు ప్రాధాన్యమిస్తారు. వారి ఒంటె సంబంధమైన ఆచారాలు, కాలగణన బొరానాలకు కాక రెండిలెలకు దగ్గరగా ఉంటాయి. జర్మన్ మానవశాస్త్రవేత్త గుంథర్ ష్లీ అక్కడ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలో, ఒకే పేరూ ఒకే గుర్తూ ఉన్న గోత్రాలు గబ్రా, రెండిలె, సకుయె, గర్రె సమాజాల్లో చెదిరి ఉండటాన్ని నమోదు చేశారు. ఆ గోత్రాలు నేటి జాతుల కంటే పాతవని ఆయన నిర్ణయం. గర్రెలలో కొన్ని కుటుంబాలు సోమాలీ రూపాన్ని, కొన్ని ఒరోమోను ఇంటిభాషగా మాట్లాడతాయి. అజురాన్ అనే మరో వర్గంలోనూ అంతే. అలాంటి మనిషిని పట్టుకుని నువ్వు సోమాలీవా, ఒరోమోవా అని అడిగితే, ఎవరు అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు అన్నదాన్ని బట్టి జవాబు ఉంటుంది. అందులో అబద్ధం ఏమీ లేదు.

డీఎన్ఏ ఎంతవరకు చెప్పగలదు

డెన్మార్క్‌లో నివసిస్తున్న 201 మంది సోమాలీ పురుషులపై జరిగి 2005లో ప్రచురితమైన అధ్యయనంలో, మూడొంతులకు పైగా వారి పితృరేఖ తూర్పు ఆఫ్రికాకు చెందిన ఒకే పెద్ద శాఖలోకి వచ్చింది. ఆ శాఖ ఒరోమోలలో కూడా సాధారణం. అరబ్బు మూలపురుషుల గాథ అక్షరాలా నిజమైతే ఇలా ఉండకూడదు.

అయితే ఈ ఫలితాన్ని చూసి సోమాలీ-ఒరోమో భాషాబంధుత్వం జన్యువులతో రుజువైందనడం తొందరపాటు. సెమిటిక్ భాష మాట్లాడే అమ్హారాలు జన్యుపరంగా ఒరోమోలకు చాలా దగ్గర. భాషాకుటుంబాన్ని బట్టి అయితే వారు దూరంగా ఉండాలి. ఇథియోపియా జనాభాలపై 2012లో ప్రచురితమైన పరిశోధన, కుషిటిక్, సెమిటిక్ భాషలవారిద్దరిలోనూ ఆఫ్రికా వెలుపలి వంశభాగం గణనీయంగా ఉందనీ, ఆ కలయిక సుమారు 3000 ఏళ్ల నాటిదనీ అంచనా వేసింది. అంటే హార్న్ ఆఫ్ ఆఫ్రికా జనాలు అంతా ఒకరితో ఒకరు కలుస్తూనే ఉన్నారు. ఇరుగుపొరుగు కావడం వల్ల జన్యువులు దగ్గరవుతాయి, భాష మారినా జన్యువులు మారవు, జన్యువులు కలిసినా భాష మారకపోవచ్చు. పరీక్షలో వచ్చిన శాతాలు ఏ జాతి సరిహద్దునూ గీయలేవు.

చుట్టరికం రాజకీయమైనప్పుడు

బంధుత్వం మాట ఎప్పుడూ సాత్వికంగానే రాలేదు. 1963 నుంచి 1970 వరకు ఆగ్నేయ ఇథియోపియాలోని బాలె ప్రాంతంలో వాకో గుటు నాయకత్వాన ఇథియోపియా ప్రభుత్వంపై జరిగిన తిరుగుబాటులో ఒరోమోలు, సోమాలీలు కలిసి పోరాడారు. ఆ తర్వాత సోమాలియాలోని సియాద్ బరె ప్రభుత్వం బాలె, అర్సి, సిదామో ఒరోమోలను ‘సోమాలీ అబో’ అని పిలిచి, సోమాలీ అబో విముక్తి సంస్థను నిలబెట్టింది. సోమాలియా, ఇథియోపియాల మధ్య 1977-78లో జరిగిన ఒగాదెన్ యుద్ధంలో, సోమాలీలున్న ప్రాంతాలన్నింటినీ ఒకే దేశం చేయాలన్న మహాసోమాలియా లక్ష్యానికి ఇది ఒక పనిముట్టు అయింది. ఒరోమో జాతీయవాదులు దీన్ని స్నేహంగా కాక, తమ పేరును మింగేసే ప్రయత్నంగా చూశారు. నా దృష్టిలో వారి ఆగ్రహం న్యాయమైనదే. భాషల బంధుత్వం సమానుల మధ్య బంధుత్వం, అందులో ఒకరు మరొకరి శాఖ కారు.

1995 రాజ్యాంగం ఇథియోపియాను ప్రధానంగా భాష ఆధారంగా రాష్ట్రాలుగా విభజించాక ప్రశ్న మరో రూపం తీసుకుంది. సరిహద్దు గ్రామాలు ఎవరికి చెందాలో తేల్చడానికి 2004 అక్టోబరులో నాలుగు వందలకు పైగా కెబెలెలలో (అతి చిన్న పాలనా విభాగాల్లో) ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఎక్కువ భాగం ఒరోమియాకు మొగ్గాయి, అమలు మాత్రం ఏళ్ల తరబడి వివాదంలో పడింది. రెండు భాషలూ మాట్లాడి, రెండు వైపులా గోత్రాలున్న గర్రె, జర్సో వంటి సమాజాలు అలాంటి ఓటులో ఒకే గడిలో గుర్తు పెట్టవలసి వచ్చింది. వ్యవస్థకు ఒక్క జవాబు కావాలి, వారి చరిత్రలో రెండున్నాయి. మరోవైపు, బాలెలోని షేక్ హుసేన్ దర్గాకు ఇరుజాతుల యాత్రికులు కలిసే వెళుతున్నారు.

పుస్తకంలో చూసినప్పుడు ఈ పోలికలు ఎందుకు తోచవు అన్నదానికి లిపి కొంత కారణం. సోమాలియా 1972లో రోమన్ లిపిని అధికారికంగా స్వీకరించింది, ఒరోమోలు 1991లో కుబే అనే తమ రోమన్ పద్ధతిని స్వీకరించారు. రెండూ ఒకే అక్షరాలు వాడతాయి, విలువలు వేరు. సోమాలీలో ఎక్స్ అక్షరం సద్దెహ్ చివరి గొంతు హ-కారానికి గుర్తు. కుబేలో అదే అక్షరం గొంతు మూసి వదిలే త-కారానికి గుర్తు. సోమాలీలో సి అక్షరం ’ఏల్ మొదటి ధ్వని, కుబేలో అది ఒక రకమైన చ-కారం. డి, హెచ్ జంట మాత్రం రెండింటిలోనూ మన డ-కారానికి దగ్గరి ధ్వనినే సూచిస్తుంది కాబట్టి డగహ్, డగా అన్న మాటలు కాగితం మీద కూడా ఒకలాగే మొదలవుతాయి. 2020లో ఇథియోపియా ప్రభుత్వం ఒరోమో, సోమాలీ, అఫార్, తిగ్రిన్యా భాషలను అమ్హారిక్‌తో పాటు కేంద్రస్థాయి పనిభాషలుగా చేర్చాలని నిర్ణయించింది. ఒకే కార్యాలయంలో ఈ రెండు లిఖిత పద్ధతులూ పక్కపక్కన వాడవలసి వచ్చినప్పుడు, చెవికి దగ్గరైన మాటలు కంటికి దూరమవడం అన్న చిక్కు గుమాస్తాలకూ పాఠ్యపుస్తక రచయితలకూ రోజువారీ పనిలో ఎదురవుతుంది.